ఈరన్న పెట్టిన తూటా

నరహరి రైఫిలుకు ఏదో అయింది. మూడు వారాలుగా తూటాలు కిందికి పోతున్నాయి.

అన్నీ పోతే అదో దారి. నాలుగు నల్లచుక్క నడిమధ్యన దిగుతాయి, అయిదోది బెత్తెడు కిందికి పోయి కూచుంటుంది. మళ్లీ రెండు బుద్ధిగా పడతాయి, మూడోది కిందికి. గురి కాగితం దగ్గరికి నడిచి వెళ్లి ఆ కింది చిల్లులో వేలు పెట్టి చూసుకునేవాడు.

ఇది తుపాకీకి వచ్చిన జబ్బు కాదు, ఎవడో చేసిన పని అని మొదటి వారంలోనే తేల్చేశాడు. ఎవడన్నది రెండో వారంలో తేలింది. మూడో వారమంతా సాక్ష్యం కోసం వెతికాడు. దొరకలేదు. దొరక్కపోవడమే అతనికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యంగా కనబడింది. అంత జాగ్రత్తగా చేశాడంటే వాడెంత ముదురై ఉండాలి!

నరహరికి గద్వాలలో పత్తి విత్తనాల షాపు ఉంది. అక్కడ అతని మాట ఎవరూ పూర్తిగా నమ్మరు, పాపం అది ఆ వ్యాపారం గుణం. "ఈ ఇత్తనం మొలుస్తదా సేటూ?" అని రైతు అడిగితే "మొలవకపోతే నన్నడుగు" అంటాడు. వానకు ఎప్పుడు బుద్ధి పుడుతుందో తనకు తెలియదని అతనికీ తెలుసు, రైతుకూ తెలుసు. పొద్దంతా అలా మాట్లాడీ మాట్లాడీ, ఆదివారం పొద్దున రైఫిలు భుజానికి ఆనించుకుంటే గాని అతనికి ప్రాణం లేచి వచ్చేది కాదు. గురి సరిగ్గా ఉంటే పడుతుంది, లేకపోతే పడదు. మధ్యలో బేరం లేదు, బుజ్జగింపు లేదు.

అది వాళ్ల పెదనాన్న కొన్న రైఫిలు. చెంప ఆనించే చోట కొయ్య అరిగి, నరహరి చెంప కొలత తీసుకుని చేసినట్టు ఉంటుంది. దానికి 'బంగారి' అని పేరు పెట్టుకున్నాడు. ఇంట్లో తెలిస్తే నవ్వుతారని అక్కడ చెప్పలేదు గాని, రేంజిలో అందరికీ తెలుసు. అక్కడ ఎవరూ నవ్వరు. ఎందుకంటే అక్కడ అందరిదీ అదే పిచ్చి. పిల్లల డాక్టరు సువర్చలమ్మ తన పిస్టలును వాళ్లమ్మ గద్వాల చీర ముక్కలో చుట్టి తెస్తుంది. రిటైరైన తహసీల్దారు ఒకాయన తన రెండు గొట్టాల తుపాకీని ఆరేళ్లుగా తెస్తున్నాడు, ఒక్కసారీ పేల్చలేదు. తెచ్చి, తుడిచి, దానివంక కాసేపు చూసుకుని, తృప్తిగా టిఫిను చేసి వెళ్లిపోతాడు.

రేంజి అంటే పెద్దగా ఏమీ లేదు. ఊరు దాటాక రాయి కొట్టి కొట్టి వదిలేసిన క్వారీ. మూడు వైపులా రాతిగోడ, నాలుగో వైపు రేకుల షెడ్డు. అక్కడ ఖుద్రతుల్లా ఉస్తాద్ గురి నేర్పుతాడు. పోలీసు బెటాలియన్‌లో నలభై ఏళ్లు తుపాకులు బాగుచేసిన మనిషి. చేతిలో జపమాల తిరుగుతూనే ఉంటుంది. ఏదో ఫకీర్ల పరంపర వాళ్లదని అంటారు, ఆయన మటుకు ఎన్నడూ అనలేదు. అసలు ఆయన అనేదే తక్కువ. కొత్తగా వచ్చినవాడు మొదటి నెలంతా 'ఈ ముసలాయనకు మాటలు వచ్చా, రావా' అనుకుంటాడు.

ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. శుక్రవారం సాయంత్రం తుపాకులు శుభ్రం చేసేరోజు. ఎవరి తుపాకీ వాళ్లు ముట్టుకోకూడదు. చీటీలు తీయాలి. ఎవరి పేరు వస్తే వాళ్ల తుపాకీ తుడవాలి, గొట్టంలోకి గుడ్డ దూర్చి లాగాలి, నూనె పెట్టి అప్పగించాలి. ఎందుకని ఎవరడిగినా ఉస్తాద్ "శుక్రవారం గద" అనేవాడు. అదీ ఒక జవాబే కాబోలు అని అందరూ ఊరుకునేవాళ్లు.

ప్రాణంలా చూసుకునే వస్తువును పరాయివాడి చేతికి ఇచ్చి, వాడు దాన్ని విప్పుతుంటే ఎదురుగా కూచోవడం ఎంత కష్టమో చెప్పలేను. అయినా నరహరి మూడేళ్లు ఓర్చుకున్నాడు. మూడు వారాల కిందటి శుక్రవారం చీటీలో బంగారి ఈరన్న చేతికి పోయింది. ఆ ఆదివారం నుంచే తూటాలు కిందికి పోవడం మొదలైంది.

ఈరన్నకు బస్టాండు వెనక మోటార్లకు వైండింగ్ చేసే చిన్న కొట్టు. వెంట్రుకంత తీగతో పనిచేసే వేళ్లు. సొంత తుపాకీ లేదు. రేంజి రైఫిలు ఒకటుంటే దాంతోనే కాలుస్తాడు. దాని కొయ్య పగిలితే తనే నల్ల టేపు చుట్టుకున్నాడు. 'నా రైఫిలు' అని ఎన్నడూ అనలేదు, 'ఇది' అంటాడు అంతే. తూటాల ఖర్చుకు నెలంతా కూడబెట్టి, నెలకు రెండు ఆదివారాలు వస్తాడు.

అలాంటివాడు ఆ శుక్రవారానికి ముందు ఆదివారమే నరహరిని రెండు పాయింట్లతో ఓడించాడు. మూడేళ్లలో అదే మొదటిసారి. "భలే కొట్టినవ్ ఈరన్నా" అని నరహరే భుజం తట్టాడు కూడా. తట్టిన చెయ్యి ఇంటికి వెళ్లేదాకా బరువుగానే ఉంది.

ఇక అక్కణ్నుంచి అనుమానం పని మొదలుపెట్టింది. ముందు రైఫిలు మీది మరలన్నీ తిప్పి చూశాడు. బిగువుగానే ఉన్నాయి. 'వదులు చేసి, రెండు రోజులాగి మళ్లీ బిగించి ఉంటాడు' అనుకున్నాడు. గురి చూసే సైటు మరల మీద భార్య గోళ్లరంగు తీసుకొచ్చి అడ్డంగా ఎర్రగీత గీశాడు. మర ఏమాత్రం తిరిగినా గీత తెగుతుంది. తెల్లవారి చూస్తే గీత చెక్కుచెదరలేదు. అప్పుడైనా ఊరుకోవాలి కదా? ఊరుకోలేదు. ఈరన్న పెళ్లాం కూడా గోళ్లకు ఎరుపే వేసుకుంటుందని గుర్తొచ్చింది.

తూటాల డబ్బా మార్చాడు. పెట్టె తాళం మార్చాడు. తాళం మీద తల వెంట్రుక అంటించి పెట్టాడు, అది గాలికి ఎగిరిపోతే రాత్రి నిద్రపోలేదు. రెండో శుక్రవారం, మూడో శుక్రవారం చీటీలో తన రైఫిలు వేరేవాళ్లకు పోయినా కళ్లు ఈరన్న మీదే. వాడు చాయ్ తాగుతూ ఇటు చూస్తే 'చేసిన పని పారిందా లేదా అని చూస్తున్నాడు' అనిపించేది. చూడకపోతే 'మొహం చూపించలేకపోతున్నాడు' అనిపించేది. వాడు నవ్వితే ఒక తంటా, నవ్వకపోతే ఇంకో తంటా.

ఒకసారి ఈరన్న దగ్గరికొచ్చి "అన్నా, ఒక మాట" అన్నాడు.

"ఏంది?" అన్నాడు నరహరి. ఆ 'ఏంది'లో ఉన్న కారానికి ఈరన్న గుటకవేసి "ఏం లేదన్నా" అని వెళ్లిపోయాడు. చూశారా, ఒప్పుకుందామని వచ్చి ధైర్యం చాల్లేదు అనుకున్నాడు నరహరి.

రాష్ట్రస్థాయి పోటీలకు రేంజి నుంచి ఒక్కరినే పంపుతారు. ఆ పేరు చెప్పే ఆదివారం రానే వచ్చింది. నరహరి ఆ పొద్దున రైఫిలు పెట్టెతో పాటు జేబులో ఒక కాగితం పెట్టుకుని వచ్చాడు. అందరూ షెడ్డు కింద కూచున్నాక ఆ కాగితం తీసి ఉస్తాద్ చేతికి ఇచ్చాడు.

పోలీసు స్టేషనుకు రాసిన ఫిర్యాదు అది. లైసెన్సున్న ఆయుధాన్ని కావాలని చెడగొట్టాడని, ఈరన్న పేరూ, తండ్రి పేరూ, కొట్టు అడ్రసూ అన్నీ వివరంగా రాశాడు. అలాంటి కాగితం ఒకటి స్టేషను గడప తొక్కిందంటే ఈరన్నలాంటివాడు మళ్లీ తుపాకీ ముట్టుకోవడం ఈ జన్మకు లేదు. స్టేషను చుట్టూ తిరగడంతోనే కొట్టు మూతపడుతుంది.

"ఈ మనిషి ఇక్కడ ఉండొద్దు ఉస్తాద్. మీరు పంపిస్తరా, నన్ను స్టేషన్‌కు పొమ్మంటరా?" అన్నాడు నరహరి.

సువర్చలమ్మ లేచి నిలబడింది. "మీకేమన్నా మతి పోయిందా నరహరిగారూ? చూశారా మీ కళ్లతో?"

"చూసేట్టు చేస్తడా డాక్టరమ్మా? గంత పిచ్చోడా ఆయన?"

ఈరన్న మొహంలో నెత్తురు లేదు. నల్ల టేపు చుట్టిన రైఫిలు ఒళ్లో పెట్టుకుని ఉస్తాద్ వంకే చూస్తున్నాడు.

"చేసినవా?" అని అడిగాడు ఉస్తాద్.

"లేదు ఉస్తాద్."

ఉస్తాద్ కాగితం మడిచి లాల్చీ జేబులో పెట్టుకున్నాడు. కాసేపు జపమాల పూసలు తిరిగాయి. నరహరికి ఆయన మీద కూడా అనుమానం వచ్చింది. వీడిని వెనకేసుకొస్తాడేమో! పేదవాడని జాలి చూపిస్తాడేమో!

"బేటా, బంగారిని తీయి. పది తూటాలు కొట్టు" అన్నాడు ఉస్తాద్. "నువ్వు పెట్టుకోవద్దు. ఈరన్న పెడతడు."

నరహరి ఉలిక్కిపడ్డాడు. "ఆయన చేత్తోనా?"

"ఆ చెయ్యే గద తప్పు అంటున్నవ్. ఆ చెయ్యి ఏం చేస్తదో అందరం చూద్దం."

ఆ మాట నరహరికి నచ్చింది. ఇంతమంది ముందు దొంగ దొరుకుతాడంటే కాదనడమెందుకు? చాప మీద బోర్లా పడుకుని రైఫిలును ఇసుక సంచి మీద ఆనించాడు. గొట్టం రాతిగోడ వైపే, ఎదురుగా యాభై మీటర్ల అవతల కాగితం. ఈరన్న కుడిపక్కన మోకాళ్ల మీద కూచున్నాడు.

"తూటా పెట్టేటప్పుడు నువ్వు అటు చూడు" అన్నాడు ఉస్తాద్. "బోల్టు మూశిన చప్పుడు అయినంక ఇటు తిరుగు."

నరహరికి ఈ షరతు నచ్చలేదు గాని మొహం ఎడమకు తిప్పాడు. ఉస్తాద్ తన గుప్పిట్లోంచి ఈరన్న అరచేతిలోకి ఏదో జారవిడిచాడు. రైఫిలు వెనక గడియలాంటి బోల్టు టక్కున మూసుకుంది. నరహరి ఇటు తిరిగి, చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గరు నొక్కాడు.

పేలింది. దుర్బీను పట్టుకున్న సువర్చలమ్మ "నడుమనే" అంది.

మళ్లీ అటు తిరిగాడు. మళ్లీ టక్. మళ్లీ నడుమనే.

మూడోది పేలగానే ఆమె గొంతు తగ్గింది. "కిందికి పోయింది."

"సూశిన్రా?" నరహరి చాప మీదే సగం లేచాడు. "ఇగో, ఇదే నేను చెప్పేది! పొద్దున ఇంట్ల మరలన్నీ చూసుకుని వచ్చిన. ఇప్పుడు ఈయన చెయ్యి పడ్డది, కిందికి పోయింది!"

"కొట్టు" అన్నాడు ఉస్తాద్.

నాలుగోసారి బోల్టు మూసుకుంది. నరహరి కోపం దిగమింగుకుని గురి పెట్టాడు. చుక్క సరిగ్గా సైటు మీద కూచుంది. వేలు బిగించాడు.

టిక్ అంది. పేలలేదు.

పేలలేదు గాని రైఫిలు ఊరుకోలేదు. గొట్టం మొన చటుక్కున కిందికి వంగింది. నరహరి భుజం ముందుకు తోసింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, పళ్లు బిగుసుకున్నాయి. ఎవడో వీపు మీద చరుస్తాడని ముందే ముడుచుకున్నట్టు. ఆ మొహం షెడ్డు కింద ఉన్న అందరికీ కనబడింది. తహసీల్దారుగారు అరటిపండు తింటూ తింటూ ఆపేశాడు.

"తూటా పెట్టలేదు ఈయన!" అని అరిచాడు నరహరి. "ఖాళీ రైఫిల్ ఇచ్చిండు! ఇంతకన్న మోసం ఉంటదా?"

"ఈరన్నకు నేను ఇస్తే గద పెట్టేది" అన్నాడు ఉస్తాద్. "మల్ల కొట్టు."

నరహరి పడుకున్నాడు. ఈసారి కూడా ఖాళీయే ఉంటుందేమో అనుకున్నాడు. ఉన్నా కూడా కదలొద్దు అనుకున్నాడు. అయినా టిక్ అనగానే మొన వంగింది. ఈసారి తన కళ్లతోనే చూశాడు. చుక్క మీద ఉన్న సైటు జారి కిందికి పడిపోవడం స్పష్టంగా కనబడింది.

"మల్ల" అన్నాడు. ఈసారి అడిగింది ఉస్తాద్ కాదు, నరహరే.

పేలింది, కిందికి. టిక్, మొన కిందికి. పేలింది, నడుమనే. టిక్, కిందికి. అతని మెడ మీద చెమట కారుతోంది. ఎవరన్నా ఏదన్నా అంటే బాగుండుననిపించింది అతనికి.

"ఒక్కసారి నేనే పెట్టుకుంట" అన్నాడు చివరికి.

ఉస్తాద్ తల ఊపాడు. నరహరి బోల్టు తెరిచి, లోపల వేలు పెట్టి చూసుకున్నాడు. ఖాళీ. మూసి, గురి పెట్టి, నొక్కాడు. టిక్. గొట్టం రాయిలా ఉంది. ఇంకోసారి చేశాడు. ఇంకోసారి. ఖాళీ అని తెలిసినప్పుడల్లా ఆ రైఫిలు వెంట్రుకవాసి కదలలేదు. పేలుతుందని తన ఒళ్లు ముందే ముడుచుకున్నప్పుడే అది వంగుతోంది.

నరహరి చెంప కొయ్య మీదే ఆనించి చాలాసేపు అలాగే పడుకుని ఉండిపోయాడు. సిగ్గు అంటే ఇంత వేడిగా ఉంటుందని అతనికి ఆ రోజే తెలిసింది.

"ఈరన్నా" అన్నాడు తల ఎత్తకుండా. "నీకు ఎరికేనా?"

"ఎరికే అన్నా."

"ఎప్పటిసంది?"

"మొదటి ఆదివారం సందే. పక్క చాప మీద ఉంట గద. నొక్కంగనే కండ్లు మూస్తున్నవ్."

"మరి చెప్పొద్దా?"

"వచ్చిన గద ఆ రోజు చెప్దామని."

నరహరికి ఆ 'ఏంది' గుర్తొచ్చింది. ఆ రోజు ఈరన్న నిజంగా చెప్పి ఉంటే తను ఏమనుకునేవాడో కూడా తెలుసు. పోటీ ముందు నా మనసు చెడగొట్టడానికి ఎత్తు వేశాడు అనుకునేవాడు. ఇంకో రెండు తాళాలు కొనేవాడు.

ఉస్తాద్ లాల్చీ జేబులోంచి కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చదివి నరహరి చేతికి ఇచ్చాడు.

"మంచిగ రాసినవ్ బేటా. ఒక్క పేరే తప్పు వడ్డది."

ఎవరూ నవ్వలేదు. నరహరి కాగితాన్ని మడిచాడు, మళ్లీ మడిచాడు, ఇంక మడవడానికి వీల్లేనంత చిన్నగా చేసి గుప్పిట్లో దాచుకున్నాడు. పోటీకి ఎవరు పోవాలో ఉస్తాద్ చెప్పాడు. ఈరన్న పేరే. నరహరి చెవికి అది వినబడింది గాని ముల్లులా గుచ్చుకోలేదు. అంతకన్నా లోతుగా ఇంకేదో గుచ్చుకుని ఉంది.

ఈరన్న నల్ల టేపు రైఫిలును షెడ్డు పక్క తుపాకుల గదిలో అప్పజెప్పి, చెప్పులు వేసుకున్నాడు. ఎవరి వంకా చూడడం లేదు. గెలిచినవాడి నడకలా లేదు అది. మూడు వారాలు నరహరి తనను దొంగలా చూశాడని వాడికి ఇవాళే అందరి ముందూ తెలిసింది మరి.

నరహరి ఉస్తాద్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "ఇది పోతదా ఉస్తాద్?"

"పోతది. ఇట్లనే చెయ్యాలె. వచ్చినప్పుడల్లా నలభై సార్లు. కొన్ని నిండుగ, కొన్ని ఖాళీగ. పెట్టేది నువ్వు కాదు."

"ఎన్ని రోజులు?"

"లోపల ఏమున్నదో నీకు పట్టనంత దాకా."

నరహరి వెనక్కి తిరిగాడు. ఈరన్న సైకిలు స్టాండు తీస్తున్నాడు. తూటాలు పెట్టమని సువర్చలమ్మను అడిగితే ఆమె పెడుతుంది, సంతోషంగా పెడుతుంది. తహసీల్దారుగారైనా పెడతారు. అది తేలిక. తేలిక కాబట్టే దాంతో ఏమీ కాదని అతనికి తెలుస్తూనే ఉంది.

"ఈరన్నా!"

ఈరన్న ఆగాడు గాని తిరగలేదు.

"జర వస్తవా? తూటాలు పెడుదువు."

ఈరన్న సైకిలు పట్టుకునే ఉన్నాడు. అటు తిరిగే అడిగాడు. "నమ్ముతవా అన్నా నన్ను?"

అవునని చెప్పడానికి నరహరి నోరు తెరిచాడు. విత్తనాల షాపులో అయితే ఆ మాట అలవోకగా వచ్చేసేది.

"ఇంకా లేదు" అన్నాడు. "అందుకే పిలుస్తున్న."

ఈరన్న తిరిగి అతని మొహంలోకి చూశాడు. సైకిలుకు స్టాండు వేశాడు. చెప్పులు విడిచి వచ్చి, చాప పక్కన మోకాళ్ల మీద కూచుని, మారుమాట లేకుండా చెయ్యి చాపాడు. ఉస్తాద్ తూటాల డబ్బా మొత్తం ఆ చేతిలో పెట్టేసి, పక్కకు వెళ్లి కూచున్నాడు.

నరహరి బోర్లా పడుకున్నాడు. లోపల ఒక మూల నుంచి పాత గొంతు అడుగుతూనే ఉంది, వీడు ఏం పెడతాడో, అసలు పెడతాడో లేదో, ఓరకంట ఒక్కసారి చూస్తే ఏం పోతుందని.

నరహరి మొహం అటు తిప్పుకున్నాడు. వెనక బోల్టు మూసుకున్న చప్పుడయింది.